కరువు నేలలో కనిపించని రోగం: పడమటి కర్నూలు పశుసంపద – జోన్స్ వ్యాధి పరిశోధన చరిత్ర

వ్యాస సంగ్రహం

జోన్స్ వ్యాధి పశువుల చిన్నపేగుకు సోకే దీర్ఘకాలిక బాక్టీరియా వ్యాధి. 1895లో జర్మనీలో దీనిని తొలిసారిగా వర్ణించారు. భారతదేశంలో ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల నుంచీ పశువైద్యులకు ఇది తెలుసు. అయినా ఆదోని, ఎమ్మిగనూరు వంటి మెట్టప్రాంతాల పశుచరిత్రలో దీనికి చోటు దక్కలేదు. పశువైద్య వ్యవస్థ వేగంగా చంపే మహమ్మారుల చుట్టూ నిర్మితమవడం, ఈ వ్యాధి లక్షణాలు ఆకలి లక్షణాలను పోలి ఉండడం ఇందుకు ప్రధాన కారణాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వ్యాధి పరిశోధన చరిత్రను, పడమటి కర్నూలు కరువుల చరిత్రను పక్కపక్కన ఉంచి పరిశీలిస్తుంది.

కీలక పదాలు: జోన్స్ వ్యాధి, పశువైద్య చరిత్ర, ఆదోని, ఎమ్మిగనూరు, ధాతు కరువు, ముసర వ్యాధి, దత్తమండలాలు.

1. ఉపోద్ఘాతం

రాయలసీమ కరువుల చరిత్రలో మనుషుల మరణాల తరువాత ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది పశువుల నష్టమే. ఎద్దుల జత పోయిన రైతు వాన కురిసినా విత్తు వేయలేడు. కరువు ముగిసినా అతని కరువు ముగియదు. అందువల్ల ఈ ప్రాంతంలో పశువుల ఆరోగ్యం వ్యవసాయ చరిత్రలో అంతర్భాగం.

పశువుల మరణానికి చరిత్రకారులు సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. ఒకటి మేత లేకపోవడం, రెండవది మహమ్మారి. ఈ రెంటికీ నడుమ మూడవ వర్గం ఒకటి ఉంది. అది ఏళ్ల తరబడి పశువు ఒంట్లో దాగి, దానిని క్రమంగా కృశింపజేసే అంటువ్యాధుల వర్గం. జోన్స్ వ్యాధి ఈ వర్గానికి చెందినది. చావుల సంఖ్యను లెక్కించే నివేదికలో అది ఇమడదు. మేత కొరతను నమోదు చేసే నివేదికలో అది మేత కొరతగానే కనిపించగలదు. ఈ అదృశ్యత ఎలా ఏర్పడిందో పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

2. ప్రాంతం – పశువు – మేత

1800లో నిజాం నుంచి ఆంగ్లేయులకు సంక్రమించిన దత్తమండలాలలో ఆదోని ఒక భాగం. ఆ తరువాత ఒకటిన్నర శతాబ్దం పాటు అది మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాలో తాలూకాగా ఉంది. ఎమ్మిగనూరు ఆ తాలూకాలోనిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరాయి. కాబట్టి ఈ ప్రాంత పశుచరిత్రకు 1953కు పూర్వపు ఆధారాలను బళ్లారి జిల్లా రికార్డులలో వెదకాలి. కర్నూలు జిల్లా చరిత్ర రచనలో ఈ పడమటి భాగం పలుచగా కనిపించడానికి ఈ పాలనా విభజన కూడా ఒక కారణం.

ఇక్కడి నేలలో నల్లరేగడి విస్తారం. పత్తి, జొన్న, కొర్ర, తరువాతి కాలంలో వేరుశనగ ప్రధాన పంటలయ్యాయి. ఆదోని పత్తి వ్యాపార కేంద్రంగానూ, ఎమ్మిగనూరు చేనేత కేంద్రంగానూ ప్రసిద్ధి పొందాయి. రేగడి దున్నడానికి బలమైన ఎద్దులు కావాలి. ఆ ఎద్దులకు ఏడాది పొడవునా ఆధారం జొన్నచొప్ప. జొన్న పండితే మనిషికి గింజ, పశువుకు చొప్ప దక్కుతాయి. పండకపోతే ఇద్దరికీ ఒకేసారి ఆకలి మొదలవుతుంది. పత్తి సాగు పెరిగిన మేరకు చొప్పనిచ్చే పొలం తగ్గుతుంది. కరువు ఏడాదిలో వామి కరిగిపోయిన తరువాత రైతుకు మిగిలే మార్గాలు రెండే: పశువును సంతకు తోలడం, లేదా కళ్లెదుట ఎండిపోతుంటే చూడడం.

1876–78 నాటి ధాతు కరువులో బళ్లారి, కర్నూలు జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. మేత, నీరు లేక పశువులు పెద్ద ఎత్తున చనిపోయాయి. 1896–97లో దత్తమండలాలు మళ్లీ కరువు పాలయ్యాయి. ఈ అనుభవాల ఫలితంగా పాలకుల దృష్టిలోనూ, ప్రజల జ్ఞాపకంలోనూ ఈ ప్రాంతపు బక్కపశువు కరువుకు సంకేతంగా స్థిరపడింది. ఆ సంకేతం ఎంత సత్యమో, అంతగా అది ఇతర కారణాలను కప్పివేయగలదు కూడా.

3. మహమ్మారి నీడలో ఏర్పడిన పశువైద్య వ్యవస్థ

భారతదేశంలో ఆధునిక పశువైద్య పాలన ముసర వ్యాధి భయం నుంచి పుట్టింది. ముసర వైరస్ వల్ల వచ్చే వ్యాధి. జ్వరం, నోటిపూత, తీవ్రమైన పారుడు, కొద్ది రోజులలో మరణం దాని క్రమం. ఒక ఊరి మందను అది రెండు మూడు వారాలలో ఖాళీ చేయగలదు. మద్రాసు ప్రభుత్వం 1866లోనే పశురోగాల నివారణకు ఒక చట్టం చేసింది. జె.హెచ్.బి. హాలెన్ అధ్యక్షతన పనిచేసిన భారత పశు మహమ్మారి కమిషన్ 1871లో తన నివేదికను సమర్పించింది. 1889లో పూనాలో ఇంపీరియల్ బాక్టీరియాలజికల్ లాబొరేటరీ మొదలైంది. 1893లో దానిని హిమాలయ ప్రాంతంలోని ముక్తేశ్వర్‌కు తరలించారు. ఆల్ఫ్రెడ్ లింగార్డ్ దాని తొలి అధిపతి. 1897లో రాబర్ట్ కోహ్ ఆ సంస్థను సందర్శించాడు. అదే కాలక్రమంలో భారత పశువైద్య పరిశోధన సంస్థగా ఎదిగింది.

దక్షిణాదిన 1903లో మద్రాసు పశువైద్య కళాశాల, తరువాతి కాలంలో రాణిపేటలో రక్తరసం, టీకాల ఉత్పత్తి సంస్థ ఏర్పడ్డాయి. ఆదోని తాలూకాకు చేరిన పశువైద్యం ఈ వ్యవస్థల ద్వారానే చేరింది. వ్యాధి పుట్టిన ఊరికి వెళ్లడం, మందను వేరుచేయడం, సూది వేయడం, చావులు లెక్కించడం ఆ వైద్యానికి ప్రధాన విధులు. 1926లో నియమితమై 1928లో నివేదిక ఇచ్చిన వ్యవసాయ రాయల్ కమిషన్ కూడా పశురోగాల ప్రకరణంలో ముసరకే అగ్రస్థానం ఇచ్చింది.

ఈ ప్రాధాన్యం తప్పని చెప్పడానికి వీలు లేదు. 1920లలో ముక్తేశ్వర్‌లో జె.టి. ఎడ్వర్డ్స్ మేకల ద్వారా బలహీనపరచిన ముసర వైరస్ టీకాకు ఆధారమైంది. 1954లో జాతీయ నిర్మూలన పథకం మొదలైంది. 1995 తరువాత దేశంలో ముసర కనిపించలేదు. 2011లో ప్రపంచం నుంచే అది తొలగిపోయినట్లు ప్రకటించారు. పశువైద్య చరిత్రలో ఇంతటి విజయం మరొకటి లేదు. అయితే ఒక వ్యవస్థ తన ప్రధాన శత్రువును బట్టి చూపును అలవరచుకుంటుంది. వేగం, జ్వరం, గుంపు మరణాలు – ఈ మూడింటినీ పట్టుకోవడానికి అలవడిన చూపునకు, జ్వరం లేకుండా ఏళ్లకు ఒక పశువును తీసుకుపోయే వ్యాధి తేలికగా అందదు.

4. జోన్స్ వ్యాధి పరిశోధన: డ్రెస్డెన్ నుంచి మఖ్దూమ్ వరకు

1895లో డ్రెస్డెన్‌లో హైన్రిహ్ ఆల్బర్ట్ యోనె, అమెరికా నుంచి వచ్చిన లాంగ్డన్ ఫ్రాథింగామ్ ఒక ఆవు పేగును పరీక్షించారు. పేగు గోడ అసాధారణంగా మందమై, లోపలి పొర ముడుతలు పడి ఉంది. అందులో క్షయ బాక్టీరియాను పోలిన ఆమ్లస్థిర సూక్ష్మజీవులు కుప్పలుగా కనిపించాయి. వారు దానిని క్షయకు ఒక అసాధారణ రూపమని భావించారు. 1906లో డెన్మార్క్ శాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ బాంగ్ ఇది క్షయ కాదని, వేరే వ్యాధి అని నిరూపించాడు. యోనె పేరే ఆంగ్లం మీదుగా ప్రయాణించి తెలుగు పశువైద్య పుస్తకాలలో ‘జోన్స్ వ్యాధి’గా స్థిరపడింది.

సూక్ష్మజీవి కనబడినా దానిని ప్రయోగశాలలో పెంచడం చాలా కాలం సాధ్యం కాలేదు. 1910–12 మధ్య ఇంగ్లండులో ఎఫ్.డబ్ల్యు. ట్వార్ట్, జి.ఎల్.వై. ఇంగ్రామ్ ఈ చిక్కును విప్పారు. ఇతర మైకోబాక్టీరియాల సారాన్ని పోషక మాధ్యమంలో కలిపితే ఈ జీవి పెరుగుతుందని వారు కనుగొన్నారు. ఆ సారంలోని కీలక పదార్థమైన మైకోబాక్టిన్‌ను తరువాతి కాలంలో వేరుచేశారు. ఇనుమును గ్రహించడానికి అవసరమైన ఆ పదార్థాన్ని ఈ బాక్టీరియా తనకు తాను తగినంతగా తయారుచేసుకోలేదు. దాని పెరుగుదల కూడా అతి మందం. పేడ నమూనా నుంచి కంటికి కనిపించే సమూహాలు ఏర్పడడానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. ముసర పశువును చంపడానికి పట్టే కాలంకన్నా జోన్స్ వ్యాధిని ప్రయోగశాల ధ్రువీకరించడానికి పట్టే కాలం ఎంతో ఎక్కువ.

1926లో ఫ్రాన్సులో వల్లే, రింజార్డ్ తొలి టీకాను ప్రకటించారు. అది వ్యాధి లక్షణాలను తగ్గించినా, టీకా వేసిన పశువు క్షయ పరీక్షలోనూ స్పందించే అవకాశం ఉండడం వల్ల చాలా దేశాలు దానిని విస్తృతంగా అనుసరించలేదు. బాక్టీరియా నుంచి తయారైన జోనిన్ అనే పదార్థాన్ని చర్మంలోకి ఎక్కించి వాపును కొలిచే పరీక్ష వాడుకలోకి వచ్చింది. భారతదేశంలో ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ జోనిన్‌ను ఉత్పత్తి చేసింది. 1989లో ఈ బాక్టీరియాకు ప్రత్యేకమైన ఐ.ఎస్. 900 అనే జన్యుఖండాన్ని గుర్తించడంతో పి.సి.ఆర్. పరీక్షకు దారి ఏర్పడింది. 2005లో దాని జన్యుపటం పూర్తిగా వెలువడింది. దాని నేటి శాస్త్రీయ నామం మైకోబాక్టీరియం ఏవియం ఉపజాతి పారాట్యుబర్క్యులోసిస్.

భారతీయ పరిశోధనలో మథుర సమీపాన మఖ్దూమ్‌లో ఉన్న కేంద్రీయ మేకల పరిశోధన సంస్థ కృషి ప్రత్యేకమైనది. అక్కడి శాస్త్రవేత్తలు ఈ బాక్టీరియాలో ‘ఇండియన్ బైసన్’ రకంగా పేర్కొన్న స్వదేశీ రూపాన్ని మేకలు, గొర్రెలు, ఆవులు, గేదెలలో గుర్తించారు. దేశీయ రకం ఆధారంగా పరీక్షలనూ టీకానూ రూపొందించారు. ఐరోపా పాడిశాలల సమస్యగా మొదలైన పరిశోధన ఇక్కడ చిన్నజీవాల మందల వద్దకు చేరింది. గొర్రెల మందలు అధికంగా ఉన్న పడమటి కర్నూలుకు ఈ మలుపు ఎంతో సంబంధం గలది.

5. ఆకలిని పోలిన రోగం

జోన్స్ వ్యాధి చరిత్రలో కనిపించకపోవడానికి మూలం దాని స్వభావంలోనే ఉంది. పశువుకు ఇది సాధారణంగా దూడ వయసులోనే, పేడతో మలినమైన పొదుగు, మేత, నీటి ద్వారా సోకుతుంది. తల్లి ముర్రుపాల ద్వారాను, గర్భంలో ఉండగాను కూడా సోకవచ్చు. బాక్టీరియా చిన్నపేగు చివరి భాగపు గోడలో స్థిరపడుతుంది. రెండేళ్ల నుంచి ఐదేళ్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ కాలం పైకి ఏమీ తెలియదు. ఈ దశలోనే పశువు పేడ ద్వారా బాక్టీరియాను వెదజల్లడం మొదలుపెట్టవచ్చు. ఈత తరువాతనో, పనిభారం, మేత కొరత ఎదురైనప్పుడో లక్షణాలు బయటపడతాయి. పలుచని పారుడు వస్తూ పోతూ ఉంటుంది. జ్వరం ఉండదు. దవడ కింద నీరు చేరుతుంది. పాలు తగ్గుతాయి. పక్కటెముకలు బయటపడతాయి. ఆకలి మాత్రం చాలాకాలం చెడదు. మేసిన మేతలోని సారాన్ని మందమైన పేగు గ్రహించలేకపోవడం వల్ల పశువు మేస్తూనే కృశిస్తుంది.

ఇక్కడే ఆకలికీ రోగానికీ ఉన్న అసలు భేదం దాగి ఉంది. మేత లేక చిక్కిన పశువు మేత దొరికితే కోలుకుంటుంది. జోన్స్ వ్యాధిగ్రస్తమైన పశువు మేత ఉన్నా కోలుకోదు. అంటే, ఈ భేదాన్ని నిరూపించడానికి సమృద్ధిగా మేత ఉన్న కాలం కావాలి. వరుస కరువుల నేలలో అటువంటి కాలం అరుదు. ఐరోపా పాడిశాలలో నిండుగా మేత మేసే ఆవు ఎండిపోవడం ప్రశ్నగా నిలిచింది. ఆ ప్రశ్నే సూక్ష్మదర్శిని వద్దకు దారితీసింది. 1895లో డ్రెస్డెన్‌లో ఆ పరీక్ష జరిగిన మరుసటి ఏడాదే దత్తమండలాలు కరువులోకి జారాయి. ఆ ఏడాది అక్కడ చిక్కిపోయిన పశువు ఎవరికీ ప్రశ్న కాలేదు. దాని జవాబు ముందే తెలిసినట్లు అందరూ భావించారు.

వ్యాధుల పేర్లు కూడా ఇదే విషయాన్ని సూచిస్తాయి. దొమ్మ, జబ్బవాపు, గొంతువాపు, గాలికుంటు, ముసర – తెలుగు రైతు నిశితంగా గమనించి, లక్షణాన్నో శరీర భాగాన్నో బట్టి పెట్టుకున్న పేర్లివి. ఇవన్నీ కొద్ది రోజులలో తేలిపోయే వ్యాధులు. జోన్స్ వ్యాధికి అటువంటి జనవ్యవహార నామం స్థిరపడలేదు. ‘పారుడు’ అనే మాట అన్ని రకాల విరేచనాలకూ వర్తిస్తుంది. ‘మేస్తుంది గాని ఒళ్లు పట్టదు’ అనే వర్ణన ఒక పశువు స్వభావాన్ని చెబుతుంది తప్ప వ్యాధిని పేర్కొనదు. సోకడానికీ బయటపడడానికీ మధ్య ఏళ్ల ఎడం ఉన్నప్పుడు ఒక పశువు జబ్బును మరొక పశువు జబ్బుతో ముడిపెట్టడం అనుభవానికి అందదు. రైతు పరిశీలనలో లోపం ఉందనడం అన్యాయం. శిక్షణ పొందిన శాస్త్రవేత్తలకే దీనిని క్షయ నుంచి వేరుచేయడానికి 11 ఏళ్లు పట్టింది.

పాలనా రికార్డులకూ ఇదే పరిమితి ఉంది. మద్రాసు రాజధానిలో కాలస్థితి నివేదికలు వాన, పంట, ధరలతో పాటు పశువుల స్థితిని, మేత లభ్యతను నమోదు చేసేవి. 1919–20 నుంచి పశుగణన క్రమబద్ధంగా మొదలైంది. వీటిలో పశువు ఒక సంఖ్యగానో, మేతకు సంబంధించిన ఒక వాక్యంగానో నమోదవుతుంది. మరణానంతర పరీక్షలో పేగు తెరచి చూస్తే తప్ప తెలియని వ్యాధికి ఆ పట్టికలలో గడి లేదు. అందువల్ల రికార్డులలో పేరు లేకపోవడాన్ని వ్యాధి లేదనడానికి సాక్ష్యంగా స్వీకరించరాదు. అదే నియమం ప్రకారం, బక్కపశువుల ప్రస్తావన ఉన్న ప్రతిచోటా జోన్స్ వ్యాధిని ఊహించడమూ తగదు. ధాతు కరువులో పశువులను చంపినది ఆకలే. రోగం పేరు చెప్పి పాలకుల బాధ్యతను తగ్గించడానికి చరిత్ర అంగీకరించదు.

6. సంత – కాలువ – చట్టం

వ్యాధి వ్యాప్తిని అర్థం చేసుకోవడానికి ఈ ప్రాంత సామాజిక జీవనంలోని మూడు అంశాలు ముఖ్యమైనవి.

మొదటిది సంత. పుష్యమాసంలో ఎమ్మిగనూరులో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతర పశువుల క్రయవిక్రయాలకూ పేరుపొందింది. సంతలో రైతు పళ్లు చూసి వయసును, నడక చూసి బలాన్ని, సుడులు చూసి శుభాశుభాలను అంచనా వేస్తాడు. లక్షణాలు బయటపడని జోన్స్ వ్యాధి ఈ పరీక్షలలో దేనికీ చిక్కదు. కరువు ఏడాదిలో చిక్కిన పశువు తక్కువ ధరకు చేతులు మారుతుంది. కొన్న రైతు ‘మేపితే తేరుకుంటుంది’ అనే ఆశతో తీసుకువెళతాడు. అది ఆకలి పశువైతే అతని ఆశ ఫలిస్తుంది. రోగపు పశువైతే అతని కొట్టంలోని దూడలకు వ్యాధి చేరుతుంది. నష్టం అమ్మినవానితో ఆగక, కొన్నవాని తరువాతి తరం పశువుల వరకు సాగుతుంది. పనులకై గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో, వలసకు ముందు పశువును అమ్ముకోవలసిన అవసరం ఈ చేతుల మార్పిడిని పెంచే అవకాశం ఉంది.

రెండవది కాలువ. 1950లలో తుంగభద్ర ప్రాజెక్టు పూర్తయ్యాక దిగువ కాలువ ద్వారా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలోని కొన్ని గ్రామాలకు నీరు చేరింది. పచ్చిమేత, గేదెల పాడి పెరగడానికి అది తోడ్పడింది. అయితే నిలువ నీరు, నత్తలు ఉన్నచోట కాలేయపు జలగల బెడద ఉంటుంది. దాని లక్షణాలలోనూ కృశత్వం, దవడ కింద నీటివాపు ఉంటాయి. మెట్టలో ఆకలితో కలిసిపోయే జోన్స్ వ్యాధి తడి నేలలో పరాన్నజీవుల జబ్బులతో కలిసిపోతుంది. పేడతో మలినమైన నేలలో, నీటిలో ఈ బాక్టీరియా నెలల తరబడి, అనుకూలించినచోట ఏడాదికి పైగా బతికి ఉండగలదు.

మూడవది చట్టం. జోన్స్ వ్యాధికి ఆచరణయోగ్యమైన చికిత్స లేదు. పాశ్చాత్య దేశాలలో పరీక్షించి, వ్యాధి తేలిన పశువును వధించడం నియంత్రణలో ప్రధాన పద్ధతిగా ఉంది. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టం గోవధను నిషేధించి, ఇతర పశువుల వధకు అధికారి ధ్రువపత్రాన్ని తప్పనిసరి చేసింది. చట్టం మాట అటుంచినా, ఒకే జత ఎద్దులు, ఒక గేదె ఉన్న కుటుంబానికి వధ అంటే జీవనాధారాన్ని వదులుకోవడమే. పరిహారం లేని చోట పరీక్ష ఫలితం రైతుకు జ్ఞానం కాదు, శిక్ష. వ్యాధి తేలిందని తెలిసిన మరుక్షణం పశువును సంతకు తోలడమే అతనికి మిగిలే దారి అయితే, పరీక్షే వ్యాప్తికి కారణమవుతుంది.

7. పరిశోధన ఎవరి పశువును చూసింది?

భారతదేశంలో జోన్స్ వ్యాధి నివేదికలలో అధికభాగం ప్రభుత్వ, విశ్వవిద్యాలయ పశుక్షేత్రాల నుంచి వెలువడ్డాయి. పశువుకు సంఖ్య, పుట్టిన తేదీ, పాల లెక్క, మరణానంతర పరీక్ష ఉన్నచోటే ఈ వ్యాధి కంటబడుతుంది. దీనిని బట్టి వ్యాధి పశుక్షేత్రాలకే పరిమితమని భావించడం ఆధారాల స్వరూపాన్ని మరచిపోవడమే అవుతుంది. రికార్డు ఉన్నచోట రోగం కనిపించింది. రికార్డు లేనిచోట పశువు ‘బక్కది’గా మిగిలిపోయింది.

1955లో మొదలై తిరుపతిలో స్థిరపడిన పశువైద్య కళాశాల, 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం రాయలసీమకు సమీపంలో పరిశోధనా వసతిని కల్పించాయి. ఎమ్మిగనూరు మండలంలోని బనవాసిలో పశుక్షేత్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. జ్ఞానం ఊరి పొలిమేర దాకా వచ్చినట్లే. ఊరి కొట్టంలోని పశువుకు కూడా పుట్టుక, ఈత, జబ్బు, అమ్మకం వివరాలతో చరిత్ర రాయడం మిగిలి ఉంది. 1913లో స్కాట్లండు శస్త్రవైద్యుడు డాల్జీల్ మానవుల పేగువ్యాధి ఒకదానిని జోన్స్ వ్యాధితో పోల్చాడు. తరువాత క్రోన్స్ వ్యాధిగా పేరుపొందిన ఆ రుగ్మతకూ ఈ బాక్టీరియాకూ గల సంబంధంపై చర్చ నేటికీ ముగియలేదు. అందువల్ల పాడి పశువు పేగు పరిశీలన మానవ ఆరోగ్యానికీ సంబంధించిన విషయమే.

8. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ నిర్ధారణలు ఏర్పడుతున్నాయి.

1. భారత పశువైద్య వ్యవస్థ ముసర వంటి మహమ్మారుల నివారణకై రూపొందింది. ఆ లక్ష్యంలో అది విజయం సాధించింది. మందగతిన సాగే పేగువ్యాధులను పట్టుకునే సాధనాలు దానికి ఆలస్యంగా సమకూరాయి.

2. జోన్స్ వ్యాధి బాహ్యలక్షణాలు ఆకలిని పోలి ఉండడం వల్ల, ఆదోని–ఎమ్మిగనూరు వంటి కరువు ప్రాంతాలలో అది కరువు వర్ణనలోనే కలిసిపోయే అవకాశం ఎక్కువ. రికార్డులలోని మౌనాన్ని వ్యాధి లేమిగానూ, వ్యాధి ఉనికిగానూ తొందరపడి చదవరాదు.

3. సంత, వలస, నీటివసతి, వధ నిషేధం, పరిహార లేమి ఈ వ్యాధి సామాజిక చరిత్రలో విడదీయరాని అంశాలు. పరీక్ష, టీకా, దూడల పెంపకంలో పరిశుభ్రత, రైతుకు నష్టపరిహారం కలిసినప్పుడే నియంత్రణ సాధ్యమవుతుంది.

4. బళ్లారి, కర్నూలు జిల్లాల పాత రికార్డులను పశువైద్యుల సహకారంతో మళ్లీ చదవవలసి ఉంది. మేత పుష్కలంగా ఉన్న ఏడాదిలో కూడా పశువులు చిక్కినట్లు చెప్పే ప్రస్తావనలు అటువంటి అధ్యయనానికి తొలి ఆధారాలు కాగలవు.

కరువు సీమలో చిక్కిన పశువును చూసి జాలిపడడం తేలిక. అది ఎందుకు చిక్కిందో అడగడం కష్టం. మేత వేసినా తేరుకోని పశువు విషయంలో ఆ ప్రశ్న అడిగినప్పుడే రైతు తన తరువాతి దూడనైనా కాపాడుకోగలుగుతాడు.